కొండకి సరిపడా ఊపిరి

గెలిచిన పందేలన్నీ ఆ ఇంటి ఇంజను గెలిచింది. ఓడిన పందేలన్నీ ఆ ఇంటి కోడలు ఓడింది. ఎవరో కూర్చుని చేసిన తీర్మానం కాదది. మామగారి నోట అలవాటుగా వచ్చి, మిగతావాళ్ల చెవులకి అలవాటైపోయిన మాట. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లని చూసి లోకం నవ్వుతుంది. ఆ ఇంటి కార్ల షెడ్డులో మాత్రం మద్దెలకి ఏనాడూ దోషం లేదు, ఆడినావిడకే కాళ్లు రావు.

కొండ పందెమంటే కార్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తేది కాదు. కింద వంతెన దగ్గర ఒక్కొక్క కారునే వదులుతారు. మెలికలు తిరిగే రోడ్డు పట్టుకుని కొండ నెత్తిన ఉన్న గడియారం దాకా ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్లది గెలుపు. మామగారు, ఆయన కొడుకు కలిసి ఒక పాత రెండు తలుపుల కారుని విప్పి, అరగదీసి, మళ్లీ కూర్చి ఆ కొండ ఎక్కిస్తున్నారు. నడిపేది కోడలు. మామూలు రోజుల్లో ఆమె జనానికి డ్రైవింగు నేర్పుతుంది. క్లచ్ మీద కాలు వణికేవాళ్లని, అద్దంలో చూడమంటే తమ ముఖం చూసుకునేవాళ్లని దారిలో పెట్టడం ఆమె వృత్తి.

ఆ ఆదివారం రెండో స్థానం వచ్చింది. మొదటిది, ఈమధ్య జరుగుతున్నట్టే, పళ్ల డాక్టరు ఎర్ర కారు ఎగరేసుకుపోయింది. ఆమె కారు కిందికి దించుకొచ్చి, సామాను వ్యాను వెనక ఆపి, చెమటకి బిగుసుకుపోయిన హెల్మెట్ పట్టీతో కుస్తీ పడుతోంది. వ్యానుకి అవతలి పక్క నుంచి మామగారి గొంతు వినిపించింది.

“ఇంజను గంటలా మోగింది, విన్నావుగా? పైన గేరు ఆలస్యంగా మార్చి ఉంటుంది. లేకపోతే ఇంత తేడా రాదు.”

“ఉండొచ్చు” అన్నాడు ఆమె భర్త.

“మీ మేనత్త కొడుకు ఖాళీగానే ఉన్నాడట. వాడికి భయమంటే తెలీదు. వచ్చే పందేనికి వాణ్ణి కూర్చోబెట్టి చూద్దామా?”

ఏదో డబ్బా మూత బిగించిన చప్పుడు. తరవాత, “చూద్దాంలే నాన్నా” అన్నాడు.

మామగారి మాటకి ఆమెకి కోపం రాలేదు. ఆ కోపం వచ్చీ వచ్చీ ఎప్పుడో అరిగిపోయింది. మొగుడన్న “చూద్దాంలే” మాత్రం చిన్న ముల్లులా దిగబడిపోయింది. పీకేద్దామంటే చేతికి అందదు, వదిలేద్దామంటే నడవనివ్వదు. పట్టీ ఊడింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని వ్యాను చుట్టూ తిరిగి వాళ్లెదుట నిలబడింది.

“మామయ్యా, గేరు సరిగ్గానే మార్చాను. మార్చినా ఇంజను లాగలేదు. తొమ్మిదో మలుపు దాటాక దానికి ఊపిరి అందడం లేదు. పైన గాలి పలచన.”

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆమె కేసి కాకుండా కారు కేసి చూశారు. “దాని ఊపిరి సంగతి నాకు తెలీదా అమ్మాయ్? దానికి ఊపిరి పోసిందే నేను.”

“మీరు కింద నిలబడి వింటారు. నేను దాంతోపాటు పైదాకా వెళ్తాను” అందామె. గొంతు పెంచలేదు. ఆయన గుడ్డ మడతపెట్టి జేబులో కుక్కుకున్నారు. ఆ సంభాషణ అక్కడితో అయిపోయిందని దానర్థం.

*

మర్నాడు ఆమె షెడ్డుకి వెళ్లేసరికి కారు బానెట్ ఎత్తి ఉంది. దానికి అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి తండ్రీకొడుకులు వాదించుకుంటున్నారు. మధ్యలో ఇంజను కోర్టులో ముద్దాయిలా నోరు తెరుచుకుని చూస్తోంది.

మామగారిది ఒకటే మాట. ఇంజను తన గాలి తనే పీల్చుకోవాలి. గాలి వెళ్లే దారులు ఇంకా నునుపు చేద్దాం, వాల్వులు మరికాస్త ఎక్కువసేపు తెరుచుకుని ఉండేలా కొత్త కామ్‌షాఫ్ట్ తన చేత్తో అరగదీస్తాను, పొగ గొట్టాలు మారుద్దాం, చక్రాల దాకా ఉన్న బరువంతా తగ్గిద్దాం. “కాలు ఎంత నొక్కితే అంత పలకాలి. ఎక్కువా పలకకూడదు, తక్కువా పలకకూడదు. దాన్నే ఇంజను అంటారు.”

కొడుకుది టర్బో. “పొగ ఊరికే గాల్లో కలిసిపోతోంది నాన్నా. ఆ పోయే పొగతోనే ఒక చక్రం తిప్పుదాం. ఆ చక్రం బయటి గాలిని ఇంజనులోకి కుక్కుతుంది. ఇప్పుడున్న బలానికి సగం పైగా కలుస్తుంది. డాక్టరు గెలిచేది దాంతోనే.”

“అరువు ఊపిరితో బతికేదాన్ని నేను బతుకు అనను.”

“నువ్వు అనకపోయినా అది నీకన్నా ముందు పైకెళ్తోంది.”

ముందు గదిలో కౌంటరు దగ్గర కూర్చుని విడిభాగాలు తెప్పించే పని అత్తగారిది. ఆవిడ ఫోను రిసీవరు అరచేత్తో మూసి, “కాస్త నెమ్మది. ఇవతల షాపు కూలిపోతోందేమోనని అవతలివాళ్లు కంగారుపడుతున్నారు” అన్నారు.

“సూపర్‌ఛార్జర్ సంగతేంటి?” అని అడిగింది కోడలు.

ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. అది కూడా గాలిని లోపలికి కుక్కేదే. కాకపోతే టర్బోలా పొగ మీద ఆధారపడదు, ఇంజనుకే బెల్టు కట్టి తిప్పుతారు. “ఇంజను సంపాదించిన దాంట్లో వాటా అడిగే దాయాది అది” అన్నారు మామగారు. “పాతకాలపు సరుకు. రెండు పరుగులకే కాలిపోయేంత వేడెక్కుతుంది” అన్నాడు భర్త. పొద్దుట్నుంచీ ఆ ఇద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

ఆమె చేతిలోని తాళాల గుత్తి పనిబల్ల మీద పెట్టింది. “మీరిద్దరూ ఇంజనుని అడిగారు, డాక్టరుని అడిగారు, ఒకళ్లనొకళ్లు అడిగారు. నడిపేదాన్ని నన్నెవరూ అడగలేదు. ఈసారి ఏం పెట్టాలో నేను చెప్తాను. మూడూ నడిపి చూసి చెప్తాను.”

“చెప్పి?” అన్నారు మామగారు.

“వచ్చే పందెంలో మొదటి ముగ్గురిలో నేను లేకపోతే సీటు మీ మేనల్లుడిది. వాడికి ఆ రోడ్డు దగ్గరుండి నేనే నేర్పుతాను.”

భర్త తలెత్తాడు. ఆమె విన్నదని అతనికి అప్పుడు తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. మామగారికి మాత్రం ఈ బేరం నచ్చింది. టర్బో పేరెత్తితే ఈ పిల్ల పెదవి విరుస్తుందని ఆయనకి తెలుసు, సూపర్‌ఛార్జర్ ఆయన లెక్కలోనే లేదు, ఇక మిగిలింది తన చేతి పని. ఎటు చూసినా తనదే పైచెయ్యి అనుకున్నారు. “సరే, మాట మాటే” అన్నారు.

“నేను విన్నాను” అన్నారు అత్తగారు ముందు గదిలోంచి. “తరవాత ఇద్దరూ నాలిక మడతేస్తే కుదరదు.”

ఆ సాయంత్రం నుంచే ఆమెకి మర్యాదలు మొదలయ్యాయి. మామగారు అరగదీస్తున్న కామ్‌షాఫ్ట్ ఆమె చేతిలో పెట్టి, “కళ్లు మూసుకుని వేలితో తడిమి చూడమ్మా, ఎక్కడైనా గీత తగులుతుందేమో” అన్నారు. ఎక్కడా తగల్లేదు, నీళ్లలో నానిన గులకరాయిలా ఉంది. ఇంటికెళ్తే భోజనాల బల్ల మధ్యలో నత్తగుల్ల ఆకారంలో తళతళలాడే టర్బో కూర్చుని ఉంది. భర్త దాన్ని పూలకుండీ పెట్టినంత శ్రద్ధగా పెట్టాడు. “గిన్నెలు పెట్టే చోట దీన్ని పెడితే గిన్నెలు నీ నెత్తి మీద పెట్టుకోవాలి” అని అత్తగారు దాన్ని తీసి కిటికీలో పెట్టారు. అతను నవ్వాడు. కోడలు కూడా నవ్వింది కానీ అతనివైపు చూడలేదు.

*

మొదటి పరీక్ష ఆమె వెతుక్కోకుండానే దొరికింది. మంగళవారం ఆమె దగ్గర నేర్చుకునే దర్జీ ఆవిడ, ఇక సందుల్లో తిరగడం చాలు, కొండ రోడ్డు చూపించమంది. నేర్పే కారు చిన్నది, ఉన్న గాలితో సరిపెట్టుకునే సాదా ఇంజను. కింద నాలుగు మలుపులూ హుషారుగానే ఎక్కింది. దర్జీ ఆవిడ బట్ట కత్తిరించినంత ఒద్దికగా స్టీరింగు తిప్పుతోంది. పైకి పోయేకొద్దీ ఆవిడ కాలు కిందికి దిగుతోంది, కారు మాత్రం నెమ్మదిస్తోంది.

“ఏవండీ టీచరుగారూ, కింద ఇంత బాగుంది కదా, పైకొచ్చాక ఎందుకిలా మూలుగుతోంది? నేనేమైనా తప్పు చేశానా?”

“మీ తప్పేం లేదు” అందామె. ఆ మాట అన్నాక తనే ఒక క్షణం ఆగిపోయింది. పక్క సీట్లో కూర్చుంటే ఎంత తేలిగ్గా తెలుస్తోంది. “ఇక్కడ గాలి పలచన. దానికి సగం ఊపిరే అందుతోంది. గేరు తగ్గించండి, తొందరపడకండి.”

మామగారి కామ్‌షాఫ్ట్ ఎంత నునుపైనా, లేని గాలిని పుట్టించలేదు. అది ఆయన పనితనంలో లోపం కాదు, కొండ స్వభావం. ఆమె మనసులో ఒక గడి కొట్టేసింది. కొట్టేస్తుంటే వేలికింద ఆ నునుపు గుర్తొచ్చి బాధేసింది.

పళ్ల డాక్టరు మంచి మనిషి. తన కారు నడిపి చూస్తానంటే ఎదుటివాడి ఎత్తు కనిపెట్టడానికి వచ్చిందనుకోకుండా తాళాలు చేతికిచ్చి, తనే పక్కన కూర్చున్నాడు. నోరు తెరిచి కూర్చున్నవాళ్లతో ఏకపక్షంగా మాట్లాడి అలవాటైనవాడు కాబట్టి దారంతా కబుర్లే. “కంగారుపడకండమ్మా. ముందు ఏమీ తెలీదు. తరవాత ఒక్కసారిగా తెలుస్తుంది.”

“మీ పేషెంట్లకి కూడా ఇదే చెప్తారా?”

“వాళ్లకి రెండోది చెప్పను” అన్నాడాయన.

నిజంగా అలాగే ఉంది. ఇరుకు మలుపులో వేగం చచ్చాక కాలు నొక్కితే ఎర్ర కారు ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగింది. ఒకటి, రెండు అనుకునేంత సేపు. ఆ తరవాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు దూకింది. తిన్నని దారి మీద దాన్ని అందుకోవడం ఎవరి వల్లా కాదు. పైకెళ్లినా దాని ఊపిరి తగ్గలేదు, పలచటి గాలిని కూడా నమిలి మింగేస్తోంది. ఆమెకి ముచ్చటేసింది. కానీ ఇరుకు మలుపు వచ్చిన ప్రతిసారీ ఆ ఆలోచన, ఆ తరవాత ఆ దూకుడు. డాక్టరు మలుపు సగంలో ఉండగానే ముందుచూపుగా కాలు నొక్కడం అలవాటు చేసుకున్నాడు. అప్పు వసూలుకి ముందే వెళ్లి గుమ్మంలో కూర్చున్నట్టు.

“ఇది అలవాటు కావడానికి ఎంత కాలం పట్టింది డాక్టరుగారూ?”

“రెండు సార్లు గట్టు గుద్దాక వచ్చేసింది.”

మూడోది బేకరీ ఆవిడ కారు. పెద్ద నాలుగు తలుపుల బండి, వయసు మళ్లింది, వెనక సీటు తీసేసి రొట్టెల అరలు పెట్టించుకుంది. దానికి సూపర్‌ఛార్జర్ పుట్టుకతోనే ఉంది. ఆయిలు మార్పించుకోడానికి గురువారం షెడ్డుకి తెచ్చింది. “నడుపు తల్లీ, నాకేం. కానీ రొట్టెలు కదలకూడదు” అని షరతు పెట్టి తనే పక్కన ఎక్కింది. అది అంత బరువున్న బండి. ఇరుకు మలుపులో వేగం చచ్చిపోయాక ఆమె కాలు కదిపింది. కదిపీ కదపకముందే బండి లేచింది. దూకలేదు, ఆలోచించలేదు, నేల అడుగు నుంచి ఎవరో నిబ్బరంగా ఎత్తినట్టు లేచింది. బానెట్ కింద సన్నగా ఈల వినిపించింది. ఇంకో మలుపు, మళ్లీ అదే. పైన పలచటి గాలిలో కాస్త మెత్తబడింది కానీ మూలగలేదు. అరల్లో ఒక్క రొట్టె కూడా పక్కకి జరగలేదు.

“బాగుందా?” అంది బేకరీ ఆవిడ.

“వేడెక్కుతుందా?”

“వేసవిలో మా పొయ్యి ఎక్కువ వేడో ఇది ఎక్కువ వేడో చెప్పలేను. కానీ అడిగిన వెంటనే ఇస్తుంది తల్లీ. మా ఇంట్లో మనుషులకి ఆ గుణం లేదు.”

*

శుక్రవారం పొద్దున్న ఆమె నిర్ణయం చెప్పింది. చెప్పేటప్పుడు కారు పక్కన కాదు, కావాలనే కౌంటరు దగ్గర నిలబడింది. మామగారూ భర్తా స్పానర్లు పట్టుకుని ముందు గదిలోకి రావాల్సి వచ్చింది.

“సూపర్‌ఛార్జర్.”

అత్తగారు కళ్లజోడు సర్దుకున్నారు.

“ఆ కొండ మీద సగం మలుపులు ఇరుకువి. అక్కడ నాకు అడిగిన క్షణంలో బలం కావాలి. టర్బో దాని తీరిక చూసుకుని ఇస్తుంది. తిన్నని రోడ్డయితే నేను కూడా టర్బోనే అడిగేదాన్ని. పైన గాలి తక్కువ, కాబట్టి కామ్‌షాఫ్ట్ ఒక్కటే చాలదు. మైదానంలో పందెమయితే మామయ్య ఇంజను చాలు, ఇంకేదీ వద్దు. ఇది మన కొండకి మాత్రమే చెప్తున్న మాట.”

“ఇంజను బలం తినేస్తుందది” అన్నారు మామగారు.

“తిని, తిన్నదానికన్నా ఎక్కువ ఇస్తుంది.”

“వేడెక్కితే?” అన్నాడు భర్త.

“ఎక్కుతుంది. మనకున్నది ఒక్క పరుగు, రోజంతా రొట్టెలు మొయ్యడం కాదు.”

మామగారు స్పానరుతో అరచేతిలో చిన్నగా కొట్టుకున్నారు. “మాటిచ్చాను కాబట్టి కాదనను. కానీ ఆ బెల్టు కట్టే పనికి నా చెయ్యి పెట్టను. మీరే చేసుకోండి.” వెనక్కి తిరిగి తన మూలబల్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ కామ్‌షాఫ్ట్‌ని నూనెగుడ్డలో చుట్టి సొరుగులో పెట్టిన చప్పుడు ముందు గది దాకా వినిపించింది.

ఆ రాత్రి ఇంట్లో టర్బో కిటికీలోంచి మాయమైంది. భర్త దాన్ని పెట్టెలో సర్దుతూ, ఆమెకి వీపు పెట్టి, “ఆ రోజు ‘చూద్దాంలే’ అనకుండా ఉండాల్సింది” అన్నాడు.

“ఉండాల్సింది” అందామె. మూత అందిస్తూ, “ఆ పెట్టె జాగ్రత్తగా పెట్టు. వేరే రోడ్డుకి పనికొస్తుంది” అంది.

విడిభాగాల అంగట్లో, గుద్దుకుని మూలపడిన కారులోంచి తీసిన సూపర్‌ఛార్జర్ ఒకటి అత్తగారు ఫోను మీదే పట్టేశారు. ఇక పని మొదలైంది. గాలి ఎక్కువైతే లోపల ఒత్తిడి పెరిగి పిస్టన్లు పగులుతాయి కాబట్టి ముందు ఇంజను విప్పి లోపలి బిగువు తగ్గించారు. దాన్ని నిలబెట్టే పట్టీలు భర్త ఉక్కు పలకలోంచి కోసుకున్నాడు. ఆమె పాఠాలు అయ్యాక వచ్చి చేతిదీపం పట్టుకునేది, బోల్టులు అందించేది, ఊరుకోకుండా ప్రశ్నలు అడిగేది. మామగారు మూలబల్ల దగ్గర ఎవరిదో కోతయంత్రం బాగుచేస్తూ కూర్చున్నారు. ఆయన వీపు ఆ మూలనుంచి అన్నీ చూస్తూనే ఉంది.

మొదటిసారి స్టార్టు చేసిన రోజు బెల్టు కీచుమంది. భర్త బిగించాడు. మరింత కీచుమంది. వదులు చేశాడు. బెల్టు ఊడి గోడకి కొట్టుకుంది. మళ్లీ వేశాడు. ఈసారి కీచు సన్నగా, ఆగకుండా, పళ్లు జివ్వుమనేలా వచ్చింది. మూలబల్ల దగ్గర కోతయంత్రం పని ఆగిపోయింది. ఎవరూ అటు చూడలేదు. మామగారు లేచి, గోడకున్న ఇనప బద్ద తీసుకుని వచ్చి, దాన్ని రెండు పుల్లీల అంచులకీ ఆనించి, ఒంటి కన్ను మూసి చూశారు.

“పుల్లీ వరసలో లేదు. వెంట్రుకంత బయటికుంది” అన్నారు. తరవాత ఎవరూ అడక్కుండానే, “దీన్ని ఇలా వదిలేస్తే మన షెడ్డు పరువు పోతుంది, జరుగు” అని కొడుకుని భుజంతో పక్కకి నెట్టారు.

ఆ సాయంత్రమంతా ముగ్గురూ బానెట్ కిందే ఉన్నారు. బెల్టు చివరిసారి బిగించింది ఆయనే. బొటనవేలితో నొక్కి చూసి, తల ఊపి, మళ్లీ నొక్కి చూశారు. అప్పుడు ఇంజను ఈల వేసింది. ఆయన ముఖంలో నచ్చినట్టూ లేదు, నచ్చనట్టూ లేదు. “వంటింట్లో కుక్కరులా ఉంది” అన్నారు.

*

పందెం రోజు ఎండ చురుక్కుమంటోంది. ఈసారి మామగారు కింద వంతెన దగ్గర నిలబడలేదు. పొద్దున్నే, రోడ్డు మూసెయ్యకముందే, కొడుకు తోలిన సామాను వ్యానులో పై మలుపుల దాకా వచ్చి, అక్కడ కాపలావాళ్లు ఆపేస్తే, కొడుకునీ వ్యానునీ వెనక్కి పంపి, మిగతా దూరం కాలిబాట వెంట నడుచుకుంటూ గడియారం దగ్గరికి బయల్దేరారు. భర్త మాత్రం వంతెన దగ్గర ఆమె బెల్టులు బిగించి, కిటికీలోంచి తల లోపలికి పెట్టి, “ఏమైనా చెప్పాలా?” అన్నాడు.

“ఏం వద్దు. తప్పుకో.”

జెండా దిగింది. ఆమె కాలు దిగింది. కారు అడిగిన వెంటనే ఇచ్చింది.

మొదటి ఇరుకు మలుపు, రెండోది, మూడోది. వేగం చచ్చిన చోటల్లా ఆ నిబ్బరమైన ఎత్తు. ఆమె చేతులకి తొందర లేదు. మెలిక తిరిగేటప్పుడు కారు ముక్కు కాస్త బరువుగా ఉంది, దానికి తగ్గట్టు ముందే తిప్పింది. కొండ నడుమన ఉన్న ఇంకో గడియారం లెక్కని మైకులో చదివింది ఆమెకి వినపడదు. కింద అందరికీ వినపడింది. అక్కడిదాకా ఎర్ర కారు కన్నా ఆమే ముందుంది. తొమ్మిదో మలుపు దాటింది. ఇంజను ఊపిరి తగ్గలేదు. హెల్మెట్ లోపల ఆమె నవ్వింది.

పదో మలుపులో బెల్టు తెగింది.

తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. ఈల ఆగిపోయింది. లోపలి బిగువు తగ్గించిన ఇంజను, పైనుంచి గాలి కుక్కేది లేక, ఆ పలచటి గాలిలో పాత రోజులకన్నా ఘోరంగా చతికిలబడింది. కాలు నేలకి ఆనింది, కారు మాత్రం ముసలాయన మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. పక్కకి తీసి ఆపెయ్యొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. ఆమె ఆపలేదు. ఇక తన దగ్గర ఉన్నది ఒక్కటే, అప్పటికే సంపాదించిన వేగం. దాన్ని పోగొట్టుకోకూడదు. బ్రేకు జోలికి పోలేదు. మలుపుల్ని వెడల్పుగా మొదలుపెట్టి, లోపలి గట్టుని చక్రంతో దాదాపు రుద్దుతూ, మళ్లీ వెడల్పుకి వదిలింది. టైర్లు ఏడ్చాయి. చివరి మలుపులో వెనక భాగం జారింది, జారనిచ్చి, దాంతోనే ముక్కు పైకి తిప్పుకుంది. రోజూ పక్క సీట్లో కూర్చుని బలం లేని చిన్న కారుని కొండ ఎక్కించేవాళ్లకి తెలిసే విద్య అది.

నాలుగో స్థానం.

ఆమె గడియారం అవతల కారు ఆపి, దిగి, బానెట్ ఎత్తింది. వేడి గాలి ముఖానికి కొట్టింది. బెల్టు పోగులు పోగులై ఇంజను మీద వేలాడుతోంది. పుల్లీలు వరసలోనే ఉన్నాయి. పరుగు ముందే ముగించిన డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఆయన వెనక ఇంకో ఇద్దరు డ్రైవర్లు, వాళ్ల వెనక చేతిలో మైకు పట్టుకున్న మనిషి.

“ఏమైందమ్మా? సగం దాకా నన్ను దాటేశారు. పైన ఏం చేశారు?”

ఆ ప్రశ్నకి జవాబు ఆమె నోట్లో సిద్ధంగానే ఉంది. చెప్పబోయేలోపు గుంపు వెనక నుంచి, “కాస్త జరగండి” అని వినిపించింది. మామగారు. కాలిబాట ఎక్కి వచ్చి అక్కడ చాలాసేపట్నుంచీ ఉన్నట్టున్నారు, అయినా ఆ నాలుగడుగుల ఏటవాలుకే రొప్పుతున్నారు. కారు దగ్గరికి వచ్చి, బానెట్ అంచు పట్టుకుని నిలదొక్కుకున్నారు. తెగిన బెల్టుని రెండు వేళ్లతో ఎత్తి చూశారు. మైకు ఆయన ముందుకి వచ్చింది. వాళ్లందరికీ తెలుసు, ఆ కారు గురించి ఆయనే మాట్లాడతారని.

“బెల్టు తెగింది” అన్నారాయన. ఊపిరి అందక ఆగారు. “మరీ బిగించేశాను. బిగించింది నేను.” మళ్లీ ఆగారు. “అక్కణ్ణించి ఇక్కడిదాకా తెచ్చింది ఇంజను కాదు. ఆవిడని అడగండి.”

మైకు ఆమె వైపు తిరిగింది. ఏం చెప్పిందో తరవాత ఆమెకే గుర్తులేదు. ఏదో సరిగ్గానే చెప్పి ఉంటుంది, డాక్టరు చప్పట్లు కొట్టాడు.

జనం వెళ్లాక ఆమె గట్టు మీద కూర్చుని నీళ్ల సీసా ఆయనకిచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, కింద మెలికలు మెలికలుగా కనిపిస్తున్న రోడ్డు కేసి చాలాసేపు చూశారు. ఛాతీ ఇంకా ఎగిరెగిరి పడుతోంది. “ఇక్కడ ఎప్పుడూ ఇంతేనా?” అన్నారు.

“వానాకాలం కాస్త నయం మామయ్యా.”

ఆయన తలూపారు.

“నాలుగోదాన్ని” అందామె. “మాట ప్రకారం సీటు మేనల్లుడిది. రేపట్నుంచే నేర్పుతాను.”

“నేర్పు. వాడికీ ఏదో ఒక పని రావాలి.” ఆయన సీసా మూత నెమ్మదిగా బిగించారు. “ఇరుకు మలుపులో ముక్కు బరువుగా ఉందా? ఇక్కణ్ణించి చూస్తే నువ్వు ముందే తిప్పుతున్నట్టనిపించింది.”

ఆమె ఆయన కేసి చూసింది. ఇన్నేళ్లలో కారు నడక గురించి ఆయన తనని అడిగిన మొదటి ప్రశ్న అది.

“కొంచెం బరువే. బ్యాటరీ వెనక్కి మార్చాలి. బెల్టు వెడల్పుది కావాలి.”

“ఎంత వెడల్పు?”

కింద నుంచి భర్త వ్యాను మలుపు తిరిగి వస్తోంది. ఆమె లేచి కారు దగ్గరికి నడిచి, పుల్లీ మీద రెండు వేళ్లు ఆనించి చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని వంగారు.